అక్క కొడుకు ఇంకా మాట్లాడటం లేదు. నేను నోరు విప్పాలా, వద్దా?

ఈసారి ఉత్తరం రాసిన అమ్మాయి స్పీచ్ థెరపీ, ఆడియాలజీ (వినికిడికి సంబంధించిన చదువు) కలిపి చెప్పే డిగ్రీలో ఆఖరి ఏడాది చదువుతోంది. ఇంటర్న్‌షిప్ నడుస్తోంది. పేరూ ఊరూ బయటపెట్టొద్దని కోరింది. ఉత్తరం పెద్దది, కుదించి చెబుతాను.

ఆమెను ఒకరకంగా పెంచింది అక్కే. ఆరేళ్లు పెద్దది. అమ్మ ఉద్యోగానికి వెళ్లిపోతే జడ వేసి బడికి పంపింది. ఈ కోర్సులో చేరతానంటే ఇంట్లో అందరూ "అదేం చదువు?" అని పెదవి విరిచినప్పుడు వెనకేసుకొచ్చింది కూడా ఆమే. ఆ అక్కకు ఒక్కడే కొడుకు. రెండేళ్ల నాలుగు నెలలు. ఇంకా మాట్లాడటం లేదు. పేరు పెట్టి పిలిస్తే తిరగడు. కానీ పక్కగదిలో టీవీలో తనకిష్టమైన ప్రకటన పాట మొదలైతే పరుగెత్తుకొస్తాడు. సీసా మూతను నేల మీద తిప్పుతూ అరగంట కూర్చోగలడు. నీళ్లు కావాల్సి వస్తే పిన్ని మణికట్టు పట్టుకుని కుళాయి దాకా లాక్కెళ్లి, ఆమె చేతిని కుళాయి మీద పెడతాడు. ఆమె మొహం వంక మాత్రం చూడడు. వేలు పెట్టి ఏదైనా చూపించడం ఈ అమ్మాయి ఇంతవరకూ చూడలేదు.

ఇంట్లో ఎవరి లెక్క వాళ్లకుంది. బావగారికి నాలుగేళ్ల దాకా మాటలు రాలేదట. మగపిల్లలకి ఆలస్యమేనని అక్క అత్తగారు అంటారు. రెండు భాషలు మాట్లాడే ఇల్లు కాబట్టి వాడు తికమక పడుతున్నాడని ఇంకొకరు. మూడు వారాల కిందట అందరూ కూర్చుని ఉండగా ఈ అమ్మాయి ధైర్యం చేసి "అక్కా, వీడికి ఒకసారి హియరింగ్ టెస్ట్ చేయిద్దామా?" అంది. వెంటనే అత్తగారు, "చదువు పూర్తి కాకముందే మా ఇంట్లో పేషెంట్లని వెతుక్కుంటున్నావా?" అన్నారు. అందరూ నవ్వారు, అక్క తప్ప. ఆ రోజు నుంచి అక్క ఫోన్ చేయలేదు. వాళ్లమ్మకు చెబితే "దాని కాపురంలో నువ్వు వేలు పెట్టకు" అని కేకలేసింది.

ఆమె ప్రశ్నలు రెండు. అక్కకు మళ్లీ చెప్పాలా, ఊరుకోవాలా? సొంత అక్కకే చెప్పలేనిదాన్ని రేపు ముక్కూమొహం తెలియని తల్లిదండ్రులకు ఏం చెప్పగలను? అందుకే పీజీకి స్పీచ్ వదిలేసి ఆడియాలజీ పెట్టుకుందామని అనుకుంటోంది. "అక్కడ మెషిన్ చెబుతుంది, నేను చెప్పక్కర్లేదు" అని రాసింది. అప్లికేషన్‌కు ఇంకో నెల గడువుంది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నేనూ దాటేసిన ఒక వాక్యం ఉంది. అయిదో పేజీలో, బావగారి గురించి రాస్తూ మధ్యలో పడేశారు: "ఏడాదిన్నర అప్పుడు టాటా, అత్త, ఇంకో రెండు మూడు మాటలు అనేవాడు, ఇప్పుడు అవి కూడా లేవు." తక్కిన ఉత్తరమంతా ఒక ఎత్తు, ఈ వాక్యం ఒక ఎత్తు.

మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లలు చాలామంది ఉంటారు. రెండేళ్లకు 50 మాటలు కూడా లేకుండా, రెండేసి మాటలు కలపకుండా ఉన్నవాళ్లలో సగానికి పైగా బడిలో చేరే వయసుకి తోటివాళ్లను అందుకుంటారు. కాబట్టి "చూద్దాంలే, వస్తాయిలే" అనే పెద్దవాళ్ల మాట పూర్తిగా తప్పని నేను అనను. కానీ అలా అందుకునే పిల్లల్ని మీరూ క్లినిక్‌లో చూసే ఉంటారు. వాళ్లకు మాట ఒక్కటే ఉండదు, మిగతావన్నీ ఉంటాయి. చెప్పింది అర్థమవుతుంది. పిలిస్తే చూస్తారు. ఆకాశంలో విమానం కనిపిస్తే వేలు చూపించి, మీరు చూశారా లేదా అని వెనక్కి తిరిగి మీ మొహం చూస్తారు. మీ అక్క కొడుకు విషయంలో మీరు రాసినవాటిలో నన్ను ఆపినవి ఈ లేనివే. ఇక వచ్చిన మాటలు పోవడం అనేది ఏ వయసులోనైనా సరే, ఆగి చూడాల్సిన సంగతి కాదు. పిల్లల డాక్టరు దగ్గరికి ఇప్పుడే వెళ్లాల్సిన సంగతి. కారణం చెవిలో ఉండొచ్చు, మెదడులో ఉండొచ్చు, మరోటి కావచ్చు. అది తేల్చడం మీ పనీ కాదు, ఉత్తరం చదివి జవాబు రాస్తున్న నా పనీ కాదు.

అందుకని మొదటి ప్రశ్నకు నా జవాబు సూటిగానే ఉంది. ఊరుకోవడం మాత్రం నేను చెప్పలేను. ఊరుకుంటే అక్కతో మాటలు తొందరగా కలుస్తాయి, వచ్చే నెలకల్లా ఇద్దరూ మామూలైపోతారు. కానీ ఏడాది తర్వాత బడివాళ్లో మరెవరో ఇదే మాట చెబుతారు. అప్పుడు అక్క మిమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంటుంది: "నువ్వు ఇదే చదివావు కదా, నీకు కనిపించలేదా?" దానికి మీ దగ్గర జవాబుండదు.

అయితే ఎలా చెప్పాలన్నది వేరే సంగతి. ముందుగా నా అనుభవం ఒకటి చెప్పనివ్వండి.

మీ రంగంలోనే ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది. ఒక తల్లి మూడేళ్ల బాబుతో వచ్చింది. నలభై నిమిషాలు ఆడించి చూశాను. బయటికి వస్తూ కారిడార్‌లో ఆమె "ఏమంటారు మేడమ్?" అని అడిగితే, అంత తెలిసినదాన్ని కాబట్టి, "ఆటిజం లక్షణాలు కనిపిస్తున్నాయి" అనేశాను. ఆమె ఏమీ అనలేదు. వంగి బాబుకి చెప్పులు తొడిగింది. ఎడమ చెప్పు కుడికాలికి తొడిగింది. నేను చూస్తూనే ఉన్నాను, చెప్పలేదు. పద్నాలుగు నెలల దాకా మళ్లీ రాలేదు. వచ్చాక తనే చెప్పింది: "ఆ రోజు మీరు ఇంకా ఏవేవో చెప్పారు. ఆ ఒక్క మాట తప్ప ఏదీ చెవిన పడలేదు." పద్నాలుగు నెలలు ఆ పిల్లవాడికి నేను చేసిన నష్టం. నేను అన్నది అబద్ధమేమీ కాదు, తర్వాత వైద్యులూ అదే తేల్చారు. అయినా నష్టం నష్టమే.

మీరూ ఆ పేరు పలకొద్దు. మీ ఉత్తరంలో ఆ మాట నాలుగుసార్లు ఉంది. అక్కతో ఒక్కసారి కూడా రానివ్వకండి. భయపడి దాచమని కాదు, ఆ పేరు పెట్టే అర్హత మీకు ఇంకా లేదు. డిగ్రీ చేతికొచ్చినా ఒక్క స్పీచ్ థెరపిస్టు కూర్చుని తేల్చేది కాదది. పిల్లల డాక్టరు, సైకాలజిస్టు, థెరపిస్టు కలిసి చూడాలి. పైగా మన చదువులో ఒక జబ్బుంది. మెడికల్ విద్యార్థికి చదివిన రోగమల్లా తనకే ఉన్నట్టు అనిపిస్తుందంటారు. మనకు అది చుట్టాల పిల్లల్లో కనిపిస్తుంది. మీరు బాబుని చూసేది నెలకు ఒకటి రెండు పూటలు. మీ అక్క రోజంతా చూస్తుంది. పొద్దున్నే నిద్ర లేచాక వాడు ఆమెకు వేలు పెట్టి కిటికీ చూపిస్తాడేమో, మీకు తెలియదు.

పేరు వద్దు, చూసింది చెప్పండి. కుళాయి సంగతి చెప్పండి. మణికట్టు పట్టుకుంటాడు, మొహం చూడడు అని చెప్పండి. టాటా అనేవాడు, ఇప్పుడు అనట్లేదు అని చెప్పండి. వీటిని ఎవరూ కాదనలేరు, ఎవరికీ అవమానమూ కాదు.

చెప్పే ముందు అడగండి. క్యాన్సర్ వైద్యుల కోసం 2000లో ఒక పద్ధతి రాశారు, చెడు వార్తను ఆరు మెట్లలో ఎలా చెప్పాలో. అందులో రెండో మెట్టు: మీకు తెలిసింది చెప్పడానికి ముందు ఎదుటివాళ్లకు ఏం తెలుసో కనుక్కోవడం. నేను ఇన్నేళ్లలో చూసినంతలో తల్లుల్లో చాలామందికి ఎప్పుడో అనుమానం మొదలై ఉంటుంది. ఆ రోజు అందరూ నవ్వినప్పుడు మీ అక్క నవ్వలేదని రాశారు. అది కోపమని మీరు అనుకున్నారు. నాకైతే అది కోపంలా అనిపించలేదు.

అడగడం అంటే ఇలా: "అక్కా, ఆ రోజు అందరి ముందు అనకుండా ఉండాల్సింది, తప్పు నాదే. నీకేమనిపిస్తోంది వాడి గురించి?" అని ఆగిపోండి. ఆగడం కష్టం. గదిలో ఫ్యాన్ చప్పుడు వినబడేంత నిశ్శబ్దం వస్తుంది. దాన్ని మీరు నింపకండి. "ఏమీ లేదు, బాగానే ఉన్నాడు" అని ఆమె అంటే ఆ రోజుకి అక్కడితో వదిలేయండి, తలుపు మూయకుండా. "నేనూ అదే అనుకుంటున్నానే, రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు" అంటే మాత్రం వెంటనే పాఠం మొదలుపెట్టకండి. కాసేపు పక్కన కూర్చోండి.

బావగారితో ముందు మాట్లాడితే ఎలా ఉంటుందని మీరు అడిగారు. మీ ఇళ్లల్లో నిర్ణయాలు ఎలా జరుగుతాయో మీకే తెలియాలి. ఆయన తలుచుకుంటే పని రెండు రోజుల్లో అయిపోవచ్చు. కానీ చెల్లెలు తనకు తెలియకుండా తన భర్తతో తన కొడుకు గురించి మాట్లాడిందని తెలిస్తే, మీ అక్క దాన్ని మర్చిపోతుందా? పైగా ఆయనకు ఇది సొంత సంగతి, తానూ ఆలస్యంగా మాట్లాడాడు కాబట్టి. నిజానికి ఆ వివరాన్ని కొట్టిపారేయకండి. కుటుంబంలో అలాంటి చరిత్ర ఉంటే డాక్టర్లు దాన్ని తప్పకుండా రాసుకుంటారు. అది పరీక్ష అక్కర్లేదనడానికి సాక్ష్యం కాదు, పరీక్షలో ముందుగా అడిగే ప్రశ్న. ఆయనతో అదే చెప్పొచ్చు, అక్క ఒప్పుకున్నాక.

అందరికంటే తేలిగ్గా ఒప్పుకునే దారి మీరే ఆ రోజు తొక్కారు: హియరింగ్ టెస్ట్. చోటూ సమయమూ కుదరలేదు కానీ ఆలోచన సరైనదే. చెవుల పరీక్ష అంటే ఎవరి పెంపకానికీ మచ్చ రాదు. పైగా మాట రాని ఏ పిల్లవాడికైనా మొదట చేయాల్సింది అదే. పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 1943లో ఆటిజం గురించి మొట్టమొదట రాసిన వ్యాసంలో 11 మంది పిల్లలున్నారు. వాళ్లలో ఒకరిని ఆస్పత్రికి తీసుకొచ్చింది చెవుడని. ఇప్పటికీ ఆటిజం అవకాశం ఉందేమో ముందుగా చూసే ఎం-చాట్ ప్రశ్నావళిలో రెండో ప్రశ్న, "మీ బిడ్డకు చెవుడేమో అని ఎప్పుడైనా అనిపించిందా?" అనే.

"టీవీ పాటకి వస్తున్నాడుగా, చెవులు బాగానే ఉన్నాయి" అంటారు. మీకు తెలిసిందే అయినా, వాళ్లకు చెప్పడానికి మాటలు కావాలి కదా, అందుకు రాస్తున్నాను. చెవి అంటే ఉందా లేదా అనే స్విచ్ కాదు. పాటలో లయ, అచ్చులు, డోలు దెబ్బ కింది శ్రుతుల్లో బలంగా ఉంటాయి. హల్లుల్లో చాలావాటికి బలం తక్కువ. 'స' శబ్దమైతే ఎక్కువగా 4000 హెర్ట్జ్‌కి పైనే ఉంటుంది. పై శ్రుతులు తగ్గిన పిల్లవాడికి పాలు, కాలు, చాలు మూడూ ఒక్కలాగే వినబడొచ్చు. వాడు పిలిస్తే తిరుగుతాడు, తలుపు చప్పుడుకి ఉలిక్కిపడతాడు, కానీ మాటలు పట్టుకోలేడు. ఇంట్లో చేసే చప్పట్ల పరీక్ష అందుకే పనికిరాదు. వెనక నుంచి చప్పట్లు కొడితే నీడ కదులుతుంది, గాలి తగులుతుంది, వాడు తిరుగుతాడు, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఇక జలుబు చేసిన తర్వాత కర్ణభేరి వెనక ద్రవం చేరి నెలల తరబడి ఉండిపోవడం చిన్నపిల్లల్లో మామూలే. వినికిడి దాంతో పూర్తిగా పోదు, మందగిస్తుంది.

"పుట్టినప్పుడే చెవి పరీక్ష చేశారు, బాగుందన్నారు" అని కూడా అనొచ్చు. పుట్టినప్పుడు బాగున్న వినికిడి తర్వాత తగ్గే సందర్భాలున్నాయి. పైగా పసిపిల్లలకు చేసే ఓఏఈ అనే చెవి పరీక్ష లోపలి చెవి తిరిగి పంపే సన్నని ధ్వనిని పట్టుకుంటుంది. అలాంటి ధ్వని ఉందని శాస్త్రవేత్త డేవిడ్ కెంప్ 1978లో చూపించాకే ఆ పరీక్ష పుట్టింది. అది బాగుండి, చెవి నుంచి మెదడుకి వెళ్లే నరం దగ్గర తేడా ఉంటే ఆ పరీక్షలో దొరకదు. అందుకే అవసరమైతే బాబు నిద్రలో ఉండగా, శబ్దం నరం గుండా మెదడు దాకా చేరుతోందో లేదో చూసే బెరా పరీక్ష కూడా చేస్తారు. సూది ఉండదు, నొప్పి ఉండదు. ఈ రెండు సంగతులూ మీ అక్క అత్తగారికి చెప్పండి, మనవడిని గుచ్చుతారేమోనన్న భయం చాలా అభ్యంతరాల వెనక ఉంటుంది.

ఇక్కడ ఒక గోతి ఉంది, నేను చాలా ఇళ్లల్లో చూశాను. చెవులు బాగున్నాయని రిపోర్టు వస్తుంది. ఇంటిల్లిపాదీ సంబరపడతారు. "చూశావా, ఏమీ లేదు" అని ఫైలు బీరువాలో పెట్టేస్తారు. ఏడాది గడిచిపోతుంది. కాబట్టి పరీక్షకు వెళ్లకముందే అక్కతో ఒక మాట అనుకోండి: చెవిలో ఏదైనా ఉంటే దానికి వైద్యం, లేకపోతే ఆ వారంలోనే పిల్లల డాక్టరు దగ్గర ఎదుగుదల గురించి అడగడం. నిజానికి మాటలు పోయాయి కాబట్టి రెండూ ఒకేసారి మొదలుపెడితే ఇంకా మంచిది. ఎం-చాట్ 16 నుంచి 30 నెలల పిల్లలకు ఉద్దేశించింది. 20 ప్రశ్నలు, తల్లి కూర్చుని నింపుతుంది, పది నిమిషాల పని. బాబుకి ఇప్పుడు 28 నెలలు. ఆ కాగితం మీరు నింపకండి, అక్క చేత్తో నింపనివ్వండి. అందులో ఎక్కువ మార్కులు వచ్చినంత మాత్రాన ఏదీ తేలినట్టు కాదని కూడా ముందే చెప్పండి.

వీడియో తీసి మీ మేడమ్‌కు చూపించాలనుకుని ఆగిపోయానని రాశారు. ఆగడం మంచిదైంది. మీకు వాడు అక్క కొడుకే కావచ్చు, ఆ క్షణంలో మీ మేడమ్‌కు మాత్రం కేసు. అక్క అనుమతితో, అక్క ఫోన్‌లో తీసిన వీడియో అయితే చాలా ఉపయోగం. క్లినిక్‌లో పిల్లలు ఇంట్లో ఉన్నట్టు ఉండరు, డాక్టరుకి ఆ రెండు నిమిషాలు బోలెడు చెబుతాయి.

మిగతా మాటలకు తలో వాక్యం. రెండు భాషల ఇల్లు మాటల్ని పోగొట్టదు. మగపిల్లలు సగటున కాస్త వెనక ఉంటారు కానీ ఆ తేడా నెలల్లో ఉంటుంది, ఏళ్లలో కాదు. నాలుక కింద పొర కోయిస్తే మాటలు వస్తాయని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, మాటే రాకపోవడానికి అది కారణం కాదు. ఐన్‌స్టీన్ కూడా ఆలస్యంగా మాట్లాడాడని చెప్పే బంధువు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆయనతో వాదనకు దిగకండి, ఎవరూ గెలవలేదు.

రేపు అంతా సవ్యంగా జరిగి థెరపీ మొదలైతే, "నువ్వున్నావుగా, నువ్వే చెయ్యి" అని అక్క అనొచ్చు. డబ్బు, ప్రయాణం, అలుపు కలిసొస్తాయి కదా. ఒప్పుకుంటే కొన్నాళ్లు బాగుంటుంది. తర్వాత ఎదుగుదల నెమ్మదిస్తుంది, ప్రతి కేసులోనూ అలాంటి నెలలు వస్తాయి. అప్పుడు అక్క ఎవరి దగ్గర ఏడవాలి? థెరపిస్టు మీద చిరాకుపడే హక్కు తల్లికి ఉండాలి. ఆ థెరపిస్టు చెల్లెలైతే ఆ హక్కు పోతుంది, చెల్లెలూ పోతుంది. వేరే మనిషిని చూసుకోమనండి, మంచివాళ్లను వెతకడంలో సాయం చేయండి.

మీరు పిన్నిగా ఆడుకోండి. సబ్బు బుడగల సీసా ఒకటి తీసుకెళ్లండి. ఒకసారి ఊదండి. మూత బిగించేయండి. సీసాని మీ కళ్ల దగ్గరగా పట్టుకుని ఊరుకోండి. "ఇంకా కావాలా? కావాలి అను, కావాలి అను" అని వెంటపడొద్దు. మనసులో పది లెక్కపెట్టండి. వాడు మీ చెయ్యి లాగొచ్చు. లాగుతూ లాగుతూ ఎప్పుడో ఒకసారి అర క్షణం మీ కళ్ల వైపు చూస్తాడు. అదే వాడి మాట అనుకుని వెంటనే ఊదేయండి. దీనికి ఏ నిర్ధారణా అక్కర్లేదు, ఎవరి ఒప్పుకోలూ అక్కర్లేదు, బాబుకి ఏమున్నా ఏమీ లేకపోయినా నష్టం లేదు. ముఖ్యంగా, మీ అక్క పక్కన కూర్చుని చూస్తుంది. తనూ ఊదుతుంది.

ఇక మీ రెండో ప్రశ్న.

సొంత అక్కకు చెప్పలేకపోవడానికీ ఈ వృత్తికి పనికిరాకపోవడానికీ సంబంధం లేదు. సర్జన్లు సొంత వాళ్లకి ఆపరేషన్ చేయడానికి వెనకాడతారు, చేతకాక కాదు. ముక్కూమొహం తెలియని తల్లితో మాట్లాడటం ఒక రకంగా తేలిక. ఆమె మిమ్మల్ని చిన్నప్పుడు బడికి పంపలేదు. చెప్పడం నేర్చుకుంటే వచ్చేదే. ఇంటర్న్‌షిప్‌లో మీ సీనియర్లు ఇలాంటి కబురు చెప్పే గదిలో మూల కుర్చీలో కూర్చోనివ్వమని అడగండి. పరీక్ష ఎలా చేయాలో అందరూ నేర్పుతారు, ఇది మాత్రం అడిగితే తప్ప ఎవరూ చూపించరు.

కానీ ఆడియాలజీలో మెషిన్ చెబుతుందన్నారే, అక్కడ మాత్రం మీరు పప్పులో కాలేశారు. మెషిన్ గీత గీస్తుంది, అంతే. కుడి చెవికి ఎర్ర సున్నా, ఎడమ చెవికి నీలం ఇంటూ. ఆ కాగితం బల్ల మీద పెట్టినప్పుడు తల్లి కాగితం చూడదు, మీ మొహం చూస్తుంది. నవజాత శిశువులకు నెల లోపు స్క్రీనింగ్, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు సహాయం మొదలు కావాలన్నది మీరు పరీక్షలో రాసిన నియమమే. ఆరు నెలల లోపు గుర్తించిన పిల్లల భాష, ఆలస్యంగా గుర్తించినవాళ్ల కంటే మెరుగ్గా ఉందని పరిశోధకురాలు యోషినాగా ఇటానో బృందం 1998లో చూపించింది కాబట్టి తొందర తప్పదు. దీని అర్థం ఏమిటో ఆలోచించండి. స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వచ్చే తల్లి రెండేళ్లు బిడ్డను చూసి, అనుమానించి, మనసు కొంత సిద్ధం చేసుకుని వస్తుంది. ఆడియాలజిస్టు ముందున్న తల్లి ఇంకా బాలింత. ఏ అనుమానమూ లేకుండా వచ్చింది. వినికిడి లోపంతో పుట్టే పిల్లల్లో 90 శాతానికి పైగా తల్లిదండ్రులకు వినికిడి మామూలుగానే ఉంటుంది. చెవుడు గురించి వాళ్లు అంతకుముందు ఎప్పుడూ ఆలోచించి ఉండరు. ఈ కబురు నుంచి పారిపోవడానికి ఆడియాలజీ వైపు వెళ్తే ఇంకా ఎదురుగా వెళ్లినట్టవుతుంది.

పెద్దవాళ్ల దగ్గరా ఇంతే. "నాకు బాగానే వినబడుతోంది, మా ఆవిడే గొణుగుతుంది" అనే పెద్దమనిషికి వినికిడి యంత్రం పెట్టుకునేలా నచ్చజెప్పడంలో మెషిన్ పాత్ర సున్నా.

ఆడియాలజీ తీసుకోవద్దని కాదు. వేరే కారణంతో తీసుకోండి. కొలవడం మీకు ఇష్టమా? శబ్దం, శ్రుతి, డెసిబెల్ లెక్కలు చదివేటప్పుడు సమయం తెలియకుండా పోతుందా? కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) పెట్టిన పిల్లవాడికి ఒక్కో ఎలక్ట్రోడ్ దగ్గర ఎంత కరెంటు చాలో వెతుక్కుంటూ సర్దడం, తల తిరుగుడుతో వచ్చినవాళ్లకు చెవిలోని సమతుల్యత పరీక్షించడం, ఆపరేషన్ జరుగుతుండగా వినికిడి నరం మీద కన్నేసి ఉంచడం, ఫ్యాక్టరీ చప్పుళ్ల నుంచి కార్మికుల చెవులు కాపాడటం... ఇవన్నీ ఆ దారిలో ఉన్నాయి. ఒకే మనిషితో నెలల తరబడి కూర్చుని, నిన్న రానిది ఇవాళ ఎందుకు వచ్చిందో పట్టుకోవడం ఇష్టమైతే స్పీచ్.

మూడోది ఒకటుంది, మీరు ఆలోచించినట్టు లేదు. మీకు బరువుగా ఉన్నది స్పీచ్ థెరపీయా, లేక చిన్నపిల్లల తల్లిదండ్రులా? స్పీచ్‌లో సగం ప్రపంచం పెద్దవాళ్లది. పక్షవాతం తర్వాత మాట పోయినవాళ్లు, మింగడం కష్టమైనవాళ్లు, గొంతు పోగొట్టుకున్న టీచర్లు, స్వరపేటిక తీసేసిన క్యాన్సర్ రోగులు, నత్తితో ఇరవై ఏళ్లు ఫోన్ ఎత్తకుండా గడిపినవాళ్లు. ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా 1861లో వర్ణించిన రోగి 'టాన్' అనే ఒక్క శబ్దం తప్ప మరేదీ పలకలేకపోయేవాడు. అలాంటి మనిషి ఇవాళ మీ వార్డులో ఉంటే, వాళ్ల ఇంటివాళ్లకు చెడు కబురు మీకంటే ముందే చేరి ఉంటుంది. మీరు అక్కడికి వెళ్లేది ఆ తర్వాత ఏం చేయొచ్చో చెప్పడానికి. కొందరికి ఆ చోటు సరిపోతుంది. అక్కడా కష్టమైన మాటలుంటాయి, నోటితో తినొద్దని ఒక పెద్దాయనకు చెప్పడం లాంటివి, కానీ అవి వేరే రకం. ఇంటర్న్‌షిప్‌లో మిగిలిన పోస్టింగుల్లో పెద్దల వార్డు ఉంటే శ్రద్ధగా చూడండి.

ఇంకో ఆచరణ సంగతి. విదేశాల ఆలోచన ఏమాత్రం ఉన్నా ముందే చూసుకోండి. భారతదేశంలో రెండూ కలిపి ఒకే డిగ్రీ. అమెరికాలో ఆడియాలజిస్టు కావాలంటే క్లినికల్ డాక్టరేట్, స్పీచ్‌కు మాస్టర్స్ ఉండాలి. బ్రిటన్‌లో డిగ్రీతోనే పనిలోకి వెళ్లొచ్చు, కానీ రెండూ వేర్వేరు చదువులు. ఒక పీజీ ఎంచుకున్నాక రెండో వైపు తిరిగి రావడం కొన్ని దేశాల్లో సులువు, కొన్నింట్లో దాదాపు మొదటి నుంచి మొదలుపెట్టడమే. నెల గడువులో నిర్ణయం కుదరకపోతే ఒక ఏడాది డిగ్రీతో ఉద్యోగం చేసి చూడటమూ దారే. ఆ ఏడాదిలో తోటివాళ్లు పీజీ మొదటి సంవత్సరం అయిపోయారని గుచ్చుకుంటుంది, అది మాత్రం భరించాలి.

మాటలు పోయిన సంగతి ఉంది కాబట్టి ఎక్కువ రోజులు ఆగొద్దు, ఈ వారంలోనే అక్కకు ఫోన్ చేయండి. బాబు ఊసు మీరు ఎత్తకండి, "వస్తున్నాను, నీతో కాసేపు కూర్చోవాలి" అనండి. మీ ఇద్దరే ఉండే సమయం చూసుకుని వెళ్లండి, బుడగల సీసాతో. అప్లికేషన్ ఫారం ఆ తర్వాత నింపొచ్చు.